మూడుసార్లు చచ్చిన ముసలాయన

వెంకట్రాములు ఆ కాగితాలు మొదటిసారి చూసినప్పుడు ఇద్వల్ గేథిన్ సారు తాగి రాసి ఉంటాడనుకున్నాడు. అక్షరాలు ఇంగ్లీషువే. మాటలు మాత్రం అతను బీఏలో చదివిన ఏ పుస్తకంలోనూ లేవు. కొన్ని మాటల్లో అచ్చు ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతకాలి. అయినా నోరెత్తలేదు. జగిత్యాల టైపు ఇన్‌స్టిట్యూట్ మాస్టారు చెప్పిన మొదటి పాఠం అదే. టైపిస్టుకు కళ్ళూ వేళ్ళూ ఉంటే చాలు, అభిప్రాయాలు ఉండకూడదు. నాలుగు పేజీలూ రెండేసి కార్బన్ కాపీలతో కొట్టి తీసుకెళ్ళి సారు బల్ల మీద పెట్టాడు.

సారు కళ్ళద్దాలు సర్దుకుని, వేలు పెట్టుకుంటూ ప్రతి వరసా చదివాడు. చివరికొచ్చేసరికి ఆయన మొహం ఎర్రబడింది.

"ఇరవై రెండేళ్ళుగా పత్రికకు రాస్తున్నాను. తప్పు లేకుండా టైపయిన నా మొదటి వ్యాసం ఇదే. మీకు వెల్ష్ భాష ఎలా వచ్చు?"

"రాదు సార్."

"అందుకే," అన్నాడాయన. "వచ్చినవాళ్ళంతా దిద్దుతారు."

అది 1979 చలికాలం. దుబాయ్ ఊరికి దూరంగా, సముద్రం ఒడ్డున రేవు కడుతున్న ఒక కంపెనీలో వెంకట్రాములు టైమ్‌కీపర్ కమ్ టైపిస్టు. క్యాంపులో సగం మంది కరీంనగర్ జిల్లా వాళ్ళే. పార పట్టినవాళ్ళలో పెన్ను పట్టినవాడు ఇతనొక్కడే కాబట్టి అందరూ 'బీయే' అని పిలిచేవాళ్ళు. అందులో ఎగతాళి సగం, గౌరవం సగం. ఇళ్ళకు ఉత్తరాలు రాయించుకునే శుక్రవారం మాత్రం పూర్తి గౌరవమే.

ఇంగ్లండు పక్కన వేల్స్ అని ఒక చిన్న దేశముందనీ, దానికి వేరే భాష ఉందనీ అతనికి అప్పటిదాకా తెలియదు. క్యాంపు ముదీర్, అంటే మేనేజరు, దగ్గర్నుంచి క్రేను డ్రైవరు దాకా ఇద్వల్ సారును అందరూ ఇంగ్లీషువాడనే అనేవారు. సారు పని కొలతలు చూసి కాంట్రాక్టర్ల బిల్లులు పాసు చేయడం. తనను ఇంగ్లీషువాడన్న కాంట్రాక్టరు బిల్లులో ఆయన ఒక లారీ ఇసుక కోసేసేవాడు. ఎందుకు కోశాడో పాపం వాళ్ళకు తెలిసేది కాదు.

పగలంతా కాంక్రీటు కొలిచే ఆ మనిషి తన దేశంలో నాటక రచయిత. ఇరవై నాలుగో ఏట రాసిన మొదటి నాటకానికి బహుమతి వచ్చింది. దాంతో ఒక వారపత్రికవాళ్ళు పిలిచి నాటకాల మీద విమర్శ రాయమన్నారు. అదే ఆయన కొంప ముంచింది. రచయితగా ఆయన ఎదుగుదల అక్కడ ఆగిపోయి, విమర్శకుడిగా మొదలైంది.

ఆయన పద్ధతి ఒక్కటే. మొదటి వరసలో కూర్చోవడం, అనిపించింది అనిపించినట్టు రాయడం. ఒక నాటకం గురించి, "ఇందులో తలుపు ఒక్కటే బాగా నటించింది. తెరుచుకోవలసినప్పుడు తెరుచుకుంది, మూసుకోవలసినప్పుడు మూసుకుంది" అని రాశాడు. ఆ నాటకం రాసింది ఊళ్ళో పళ్ళ డాక్టరు. ఆ భాష మాట్లాడేవాళ్ళే తక్కువ. ఉన్న కొద్దిమందిలో బ్యాంకు మేనేజరు, చర్చి పాస్టరు, సొంత బావమరిది, అందరూ ఏదో ఒక నాటకం రాసినవాళ్ళో వేసినవాళ్ళో. ఒక్కరినీ వదల్లేదు. బావమరిది నాటకం మీద రాసిన వారమంతా ఇంట్లో పొయ్యి వెలగలేదు. పన్ను నొప్పి పుడితే నలభై మైళ్ళు పోయి ఇంగ్లీషు డాక్టరుకు చూపించుకోవలసి వచ్చేది. చివరికి వీధిలో పలకరించే మనిషి లేక, దుబాయ్ ఉద్యోగం ప్రకటన కనబడితే దరఖాస్తు పెట్టుకున్నాడు.

"ఇక్కడ హాయి," అనేవాడు. "నా చేత తిట్లు తిన్న రచయిత ఒక్కడూ లేడు."

హాయిగా ఏమీ లేడని వెంకట్రాములుకు జనవరిలో తెలిసింది.

సారు జిల్లాలో ఏటా వేసవికి ఒక సాహిత్య జాతర జరుగుతుంది. అందులో నాటక రచనకు ఒక వెండి పతకం. పోటీకి పంపేవాడు కాగితాల మీద మారుపేరు మాత్రమే రాయాలి. అసలు పేరు వేరే కవరులో పెట్టి లక్క ముద్ర వేయాలి. పరీక్షల్లో హాల్‌టికెట్ నంబరు లాంటిదన్నమాట, అనుకున్నాడు వెంకట్రాములు. టపాలో వచ్చే పై కవర్లు విప్పేది కార్యదర్శి. జడ్జీల చేతికి వెళ్ళేవి లోపలి కాగితాలే; ముద్ర కవర్లలో గెలిచినవాడిది ఒక్కటే వేదిక మీద విప్పుతారు. ఫలితం చెప్పే రోజు పెద్ద జడ్జి వేదికెక్కి అందరి నాటకాలనూ ఏకి పెట్టి, ఆఖరున గెలిచినవాడి మారుపేరు పిలుస్తాడు. ఆ మనిషి జనంలో ఎక్కడ కూర్చున్నాడో అక్కడే లేచి నిలబడాలి. ఒక్కరూ పనికిరారని తోస్తే 'ఈ ఏడు అర్హులు లేరు' అని చెప్పి, పతకం తిరిగి పెట్టెలో పెట్టేస్తారు.

"మా కాలేజీలో అయితే కన్సొలేషన్ అయినా ఇస్తారు సార్," అన్నాడు వెంకట్రాములు.

"నేను నాలుగేళ్ళు జడ్జిగా కూర్చున్నాను. నాలుగేళ్ళూ అర్హులు లేరు."

అలా అర్హత లేకుండా పోయినవాళ్ళే ఇప్పుడు జడ్జీలు. సారు ఎనిమిది మారుపేర్లతో ఎనిమిది నాటకాలు పంపాడు. ఎనిమిదిసార్లూ పట్టేశారు. ఆయన పాత టైపు మిషన్లో డబ్ల్యూ అక్షరం గీత మీద నిలబడక పైకి ఎగిరేది. ఆ అక్షరం లేకుండా వాళ్ళ భాషలో వాక్యం నడవదు. 'ఈ రచయిత ముందు మిషను బాగుచేయించుకుని, తర్వాత నాటకం సంగతి చూసుకోవాలి' అని ఒక జడ్జి వేదిక మీదే అన్నాడట.

"ఇది తొమ్మిదోది," అన్నాడు సారు. "మిషను వేరు, చేతులు వేరు. నేను రాశానని తెలియకుండా ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా నాటకం చదివితే చాలు. అప్పుడు కూడా బాగాలేదంటే బాగాలేనట్టే. ఇక రాయను."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు ఇసుక కోసేవాడి గొంతులా లేదు. ఈ పని చెడగొట్టకూడదని వెంకట్రాములు మనసులో గట్టిగా అనుకున్నాడు. ఇంట్లో మొదటి డిగ్రీ తనదే. ఆ డిగ్రీ పట్టుకుని ఇంతవరకు చేసింది కూలీల గంటలు రాయడమే. ఒక రచయిత తనను నమ్మి ఇంత పెద్ద పని పెట్టడం ఇదే మొదలు.

నాటకం కథ చిన్నది. ఒక ముసలాయన మంచాన పడి ఉంటాడు. కొడుకులూ కోడళ్ళూ గోడ గడియారం ఎవరికి రావాలని కొట్లాడుకుంటూ, ఆయన ఎప్పుడు పోతాడా అని కాచుకుని కూర్చుంటారు. మూడో అంకంలో పోతాడు. పెద్దకొడుకు పశ్చాత్తాపపడుతూ ఇరవై నిమిషాలు మాట్లాడతాడు. తెర పడుతుంది. ఇది విషాద నాటకమని సారు ముందే చెప్పాడు.

"దీన్ని పైకి చదివితే ఎలా ఉంటుందో వినాలి. నేనే చదువుకుంటే నాకు అంతా బాగానే ఉంటుంది. ఇక్కడ నా భాష పలికే నోరు లేదు కదా."

"నోళ్ళు చాలా ఉన్నాయి సార్. లేనిది భాష ఒక్కటే," అన్నాడు వెంకట్రాములు.

అతనికి తట్టింది తేలికైన ఉపాయం. సారు చదువుతుంటే అతను విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాసుకుంటాడు. తెలుగు చదవగలిగినవాళ్ళకు తలా ఒక పాత్ర ఇస్తాడు. వారం రోజులు సాయంత్రాలు కూర్చుని రాశారు. ఒక్క శబ్దం దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. నాలుక పైపళ్ళ వెనక ఆనించి పక్కల నుంచి గాలి వదలాలి. దానికి తెలుగులో అక్షరం లేదు. వెంకట్రాములు ఆ చోటల్లా చిన్న బాతు బొమ్మ వేశాడు. బాతు కనబడితే బుస్సుమనాలి. మొదటి అంకంలోనే నూట పది బాతులొచ్చాయి.

ముసలాయన పాత్ర ఆశన్నకిచ్చారు. ఆశన్న ఇక్కడ తాపీ మేస్త్రీ. ఊళ్ళో పదిహేనేళ్ళు స్టేజీ నాటకాల్లో రాజు వేషం కట్టినవాడు. ఆయన గొంతెత్తితే క్రేను మోత వినబడేది కాదు. పెద్దకొడుకు వేషం ఇనుము వంచే పోశయ్యది. కోడలుగా కడప అమీర్ జాన్. మీసం తీయనని ముందే షరతు పెట్టి, నెత్తిన తువ్వాలు కప్పుకున్నాడు.

"అర్థం చెప్పమంటవా ఆశన్నా?" అని వెంకట్రాములు అడిగాడు.

"మాటమాటకు ఎందుకు బీయే. నేను ఎప్పుడు సావాల్నో జెప్పు, సాలు."

ఆ శుక్రవారం పదకొండింటికి మెస్సులో నాటకం మొదలైంది. మెస్సు వంటమనిషి మౌలా సాహెబ్ నెల్లూరాయన. పన్నెండున్నరకు అన్నం దించుతాననీ, అప్పుడు నాటకం నడుస్తున్నా భూకంపం నడుస్తున్నా వడ్డన ఆగదనీ ముందే చెప్పేశాడు. సారు ఎప్పటిలాగే మొదటి వరసలో నోటుబుక్కుతో కూర్చున్నాడు.

చూసేవాళ్ళకు ఒక్క మాట అర్థం కాలేదు. కానీ ముసలాయన దగ్గుతుంటే కోడలు గోడకున్న మెస్సు గడియారం వైపు చూసింది. అంతే, కథ మొత్తం అర్థమైపోయింది.

"గా మీసాల కోడలుకు గడియారం మీదనే పానం," అన్నారెవరో వెనక నుంచి.

"మా పెద్దొదినె గిట్లనే జూసేది, బిందె దిక్కు," అన్నారింకెవరో.

రెండో అంకంలో కొట్లాట. బాతుల బుసలతో మెస్సు మెస్సంతా పాముల పుట్టలా ఉంది. జనం విరగబడి నవ్వారు. సారు నోటుబుక్కులో ఏదో కొట్టేశాడు. విషాద నాటకంలో నవ్వడం ఆయనకు నచ్చలేదు.

మూడో అంకంలో ఆశన్న చచ్చిపోయాడు. ఊరికే చచ్చిపోలేదు. చెయ్యి పైకెత్తి, గడియారాన్ని ఒకసారి, కొడుకుల్ని ఒకసారి చూసి, ఆఖరి మాటను నాలుగు బాతులతో సహా పలికి, మంచం మీద నుంచి తల వేలాడేశాడు. అప్పుడు వెనక బెంచీ నుంచి ఎవరో గట్టిగా అన్నారు.

"వన్స్ మోర్."

మన నాటకాల్లో ఇది మామూలే. బాగున్న ఘట్టానికి జనం మళ్ళీ కావాలంటారు. నటుడు కాదనడం మర్యాద కాదు. యుద్ధంలో పడిపోయిన రాజు కూడా లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ పడిపోవాలి. ఆశన్న లేచి, జనానికి దండం పెట్టి, పడుకుని, ఇంకా వివరంగా చచ్చిపోయాడు. మళ్ళీ వన్స్ మోర్. ఈసారి లేచి కూజాలో నీళ్ళు తాగి, గడియారం ఇంకా గోడకే ఉందో లేదో చూసుకుని, నిదానంగా మూడోసారి పోయాడు. ఆ గడియారం చూపు ఆయన సొంతంగా కలిపింది.

సారు లేచి నిలబడ్డాడు. నోటుబుక్కు కింద పడింది.

"ఆయన చచ్చిపోయాడు కదా," అన్నాడు వెంకట్రాములుతో.

"బాగా చచ్చిపోయాడు సార్. అందుకే మళ్ళీ అడిగారు."

తర్వాత పోశయ్య ప్రసంగం. కాగితం రెండు చేతులా పట్టుకుని మొదలుపెట్టాడు. మూడో నిమిషంలో మౌలా సాహెబ్ అన్నం గిన్నె మూత తీశాడు. ఒకరు లేచారు. తర్వాత నలుగురు, తర్వాత ఒక వరస. ఆఖరికి మిగిలింది సారు, వెంకట్రాములు, పోశయ్య. పోశయ్య కూడా పళ్ళేల వైపు చూసుకుంటూ వేగం పెంచి, బాతుల్ని గబగబా దాటేస్తున్నాడు.

భోజనాలయ్యాక సారు నేరుగా మౌలా సాహెబ్ దగ్గరికి వెళ్ళాడు. జనానికి ఎదురుగా నిలబడి, నాటకాన్నీ జనాన్నీ కలిపి చూసిన మనిషి ఆయనొక్కడే. నాటకం ఎలా ఉందో అడగమని వెంకట్రాములుకు సైగ చేశాడు.

"నన్నడిగితే నేనేం జెప్పేది, నాకు తెలిసింది అన్నమే గదబ్బా," అన్నాడు మౌలా సాహెబ్ గంటె తుడుచుకుంటూ. "మొదటి రెండు దఫాలు ఒక్కడు లేవలా. గడియారం పన్నెండున్నర కొట్టినా నేను కూడా మూత తియ్యలా. ముసిలాయన సచ్చి సచ్చి లేస్తా ఉంటే నేను గంటె పట్టుకోని నిలబడి పొయినా, పప్పు అడుగంటింది. ఆ పోశయ్య నోరు తెరిచినాడు, నా గిన్నె ఖాళీ. ఆ ఉపన్యాసం ఖలాస్ చెయ్యమని చెప్పు దొరకి."

మర్యాద కోసం మార్చి చెప్పడం వెంకట్రాములుకు చేతకాదు. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేశాడు, పప్పుతో సహా.

ఇరవై రెండేళ్ళుగా తాను ఊరందరికీ చెప్పినలాంటి మాట తనకే ఎవరైనా మొహం మీద చెప్పడం సారుకు అదే మొదటిసారి. ఆయన నోటుబుక్కు తీశాడు.

"అడుగంటింది సరిగ్గా ఎప్పుడో అడగండి."

"రెండోసారి లేచి నీళ్ళు తాగినాడే. అప్పుడు," అన్నాడు మౌలా సాహెబ్.

సారు అది రాసుకున్నాడు.

తర్వాతి రెండు వారాలు సారు కాంక్రీటు వైపు చూడలేదు. క్యాబిన్లో ఒక్కడే కూర్చుని రాస్తూ తనలో తాను నవ్వుకునేవాడు. సారుకు ఎండ దెబ్బ తగిలిందని జనవరి చలిలోనే పుకారు పుట్టింది. కొత్త నాటకంలో ముసలాయన పోతాడు, కొడుకులు గడియారం దించబోతారు, ముసలాయన లేచి కూర్చుంటాడు. అలా మూడుసార్లు. ఇరవై నిమిషాల ప్రసంగం ఒక్క వాక్యమైంది. వెంకట్రాములు డెబ్బై రెండు పేజీలు, రెండు కార్బన్ కాపీలతో, ఐదు రోజుల్లో టైపు చేశాడు.

మారుపేరు దగ్గర సారు ఆగాడు. "నాకు తోచేవన్నీ వాళ్ళకూ తోచేవే. ఎవరూ ఊహించలేని పేరు ఒకటి చెప్పండి."

"ఐలవ్వ," అన్నాడు వెంకట్రాములు.

"అంటే?"

"మా అమ్మ సార్. ధర్మపురి దగ్గర మా పల్లెలో బీడీలు చేస్తుంది. మీ జడ్జీలు ఎంత తెలివిగలవాళ్ళయినా ఆమెదాకా పోలేరు."

గడువుకు ఇంకా పది రోజులున్నాయి. వెంకట్రాములు సారు పేరున్న లక్క ముద్ర కవరుతో పాటు శుభ్రమైన కాపీని పెద్ద కవరులో పెట్టేముందు, తన పరీక్ష దరఖాస్తుకు అమ్మ పెట్టినట్టే మొదటి పేజీ నాలుగు మూలలా పసుపు అంటించాడు. శనివారం ఉదయం సెలవడిగి బర్ దుబాయ్‌లో అబ్రా పడవ ఎక్కి, డేరా వైపు దిగి, పోస్టాఫీసులో రిజిస్టరు చేయించి, రసీదు జేబులో పెట్టుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు పడవలో కూర్చుని, తృప్తిగా కార్బన్ కాపీ తిరగేశాడు. చివరి పేజీకొచ్చాడు.

అడుగున, ఎడమ మూలన ఉంది. ఐజీ, ఒక ఏటవాలు గీత, వీఆర్.

రాసినవారి పొడి అక్షరాలు ముందు, టైపు చేసినవారివి తర్వాత. ఏ ఉత్తరానికైనా అడుగున అలా వేయాలని ఇన్‌స్టిట్యూట్ మాస్టారు స్కేలుతో కొట్టి మరీ నేర్పాడు. తొమ్మిదేళ్ళుగా అతని వేళ్ళు ఆఖరి పేజీ పూర్తయితే వాటంతటవే ఆ నాలుగు అక్షరాలూ కొట్టేస్తాయి. ఇద్వల్ గేథిన్ అనే పేరును ఇరవై రెండేళ్ళు పత్రికలో వ్యాసం అడుగున చూసి పళ్ళు నూరినవాళ్ళకు 'ఐజీ' అంటే ఎవరో వేరే చెప్పాలా?

పడవ ఒడ్డు తాకగానే దిగకుండా మళ్ళీ డేరాకే పోయాడు. కౌంటరులో గుమాస్తా అతని మొహం చూసి జాలిపడ్డాడు గానీ, సంచీ అప్పటికే విమానాశ్రయానికి వెళ్ళిపోయింది.

"ఖలాస్, భాయ్," అన్నాడు.

క్యాంపుకు తిరిగి రాగానే వెంకట్రాములు సారు గదిలోకి వెళ్ళి, కాపీ తెరిచి, ఆ మూల మీద వేలు పెట్టి నిలబడ్డాడు. దాచాలన్న ఆలోచన వచ్చింది, అబద్ధమెందుకు. కానీ అది రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

సారు చూశాడు. కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"మీరు చేసిన మొదటి తప్పు," అన్నాడు.

"తప్పు కాదు సార్, రూలు," అన్నాడు వెంకట్రాములు, ఏడుపు గొంతుతో.

"ఉత్తరానికి రూలు. నాటకానికి కాదు."

"ఆ కార్యదర్శికి టెలిగ్రాం ఇస్తే సార్, ఆ మూల చింపేయమని..."

"నా పేరు నేనే చెప్పుకున్నట్టవుతుంది. వదిలేయండి. తొమ్మిదోసారి కూడా పట్టేస్తారు, అంతే." ఆయన బిల్లుల కట్ట ముందుకు లాక్కున్నాడు.

సారు ఒక్క మాట తిట్టలేదు. కానీ ఆ రోజు నుంచి వెల్ష్ కాగితాలు ఇవ్వడం మానేశాడు. సిమెంటు, కంకర, ఇనుము, ఇవే టైపుకు వచ్చేవి. తిట్టి ఉంటే బాగుండేదనిపించేది వెంకట్రాములుకు. క్యాంపులో ఆశన్న మాత్రం కనబడినప్పుడల్లా అడిగేవాడు, "ఏం బీయే, నా సావు పాసయిందా, ఫెయిలయిందా?" అని.

జూన్ మొదటి శుక్రవారం సారు టేప్ రికార్డరు చంకన పెట్టుకుని మెస్సులోకొచ్చాడు. ఆయన చెల్లెలు ఫలితాల సభకు వెళ్ళి, ఒళ్ళో రికార్డరు పెట్టుకుని కూర్చుని, క్యాసెట్ పంపిందట. క్యాంపుకు క్యాసెట్లు కొత్తకాదు. ఉత్తరం రాయడం రాని ఇళ్ళ నుంచి అవే వచ్చేవి, తల్లుల ఏడుపు, మేకల అరుపు, పక్కింటివాళ్ళ పలకరింపులు అన్నీ కలిసి. ఎవరికి క్యాసెట్ వచ్చినా చుట్టూ పదిమంది చేరడం అలవాటు.

"మీరు విన్నారా సార్?" అన్నాడు వెంకట్రాములు.

"లేదు. ఒక్కడినీ వినలేను," అన్నాడు సారు. "నా నాటకాన్ని చూసిన జనం లోకం మొత్తంలో వీళ్ళే."

మౌలా సాహెబ్ ఆ రోజు ముందుగానే అన్నం దించి మూత పెట్టాడు. క్యాసెట్ తిరిగింది. దగ్గులు, కుర్చీల చప్పుడు, తర్వాత ఒక ముసలి గొంతు. సారు ఉలిక్కిపడి రికార్డరు ఆపాడు.

"పళ్ళ డాక్టరు," అన్నాడు. "పెద్ద జడ్జి ఆయనే."

తలుపు ఒక్కటే బాగా నటించిన నాటకం సంగతి వెంకట్రాములు అందరికీ చెప్పాడు.

"అయితే మన పని ఖలాస్," అన్నాడు పోశయ్య.

సారు ఒక వాక్యం వినడం, రికార్డరు ఆపి ఇంగ్లీషులో చెప్పడం, వెంకట్రాములు తెలుగులో చెప్పడం, ఇలా సాగింది. పదకొండు నాటకాలు వచ్చాయట. మొదటిది పనికిరాదు. రెండోది దానికన్నా పనికిరాదు. పళ్ళ డాక్టరు ఒక్కొక్కదాన్నీ పన్ను పీకినట్టు పీకుతున్నాడు. పది నాటకాలయ్యేసరికి పన్నెండున్నర దాటింది.

"ఇక, ఐలవ్వ అనే పేరుతో వచ్చిన నాటకం," అని చెప్పి సారు నుదురు తుడుచుకున్నాడు. "మొదటి పేజీ మూలల్లో ఏదో పచ్చటి మరక ఉందట. ఈ రచయిత భోజనం చేస్తూ రాసే అలవాటు మానుకోవాలట."

వెంకట్రాములు తల దించుకున్నాడు. బొత్తం మళ్ళీ నొక్కాక టేపు చాలాసేపు ఆగకుండా తిరిగింది. టేపులో సభంతా నవ్వుతోంది. ఇక్కడ సారు మొహం మొదట తెల్లబడి, తర్వాత ఎర్రబడి, తర్వాత ఏ రంగో తెలియకుండా అయింది.

"ఏమంటున్నడు బీయే? ఏమంటున్నడు?" ఆశన్న మోచేత్తో పొడిచాడు.

సారు చెప్పాడు. వెంకట్రాములు అక్షరం మార్చకుండా చెప్పాడు.

"చివరి పేజీ అడుగున ఐజీ అనే అక్షరాలు చూసి ముగ్గురు జడ్జీలం హడలిపోయాం. మనందరికీ తెలిసిన ఆ పెద్దమనిషే అనుకున్నాం. కానీ నాటకం చదివాక మా భయం పోయింది. ఆ పెద్దమనిషికి మనుషుల్ని నవ్వించడం చేతకాదు. ఆయన నాటకంలో ఎవరైనా చచ్చిపోతే ఇరవై నిమిషాల ఉపన్యాసం తప్పదు. ఇది ఎవరో కుర్రవాడు ఆయన్ను ఆట పట్టించడానికి అడుగున ఆయన పేరు తగిలించి రాసింది. ఆ చమత్కారం కూడా మాకు నచ్చింది. ఈ ముసలాయన మూడోసారి లేచినప్పుడు నేను కుర్చీలోంచి పడ్డాను. ఈ ఏడు పతకానికి అర్హులున్నారు."

పొగిడారో తిట్టారో తేల్చుకోవడానికి అందరికీ కొంచెం సమయం పట్టింది. సారుకు ఇంకా ఎక్కువ పట్టింది. ఆయన చెయ్యి బొత్తం మీదే ఉండిపోయింది. అమీర్ జాన్ ముందుకు వంగి తనే నొక్కాడు.

పళ్ళ డాక్టరు గొంతు పెంచి పిలిచాడు. ఈసారి అనువాదం అవసరం కాలేదు. కొంచెం సాగదీసినా, పేరు పేరే.

"ఐలవ్వ."

టేపులో నిశ్శబ్దం. కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరు లేస్తారా అని సభంతా మెడలు తిప్పి చూస్తోందని తెలుస్తూనే ఉంది.

"ఐలవ్వ."

"అరేయ్, మీ అవ్వను పిలుస్తున్నరు," అన్నాడు పోశయ్య మెల్లగా.

"ఐలవ్వ."

వెంకట్రాములు లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు. అంత పెద్ద సభలో, తెల్లదొరలు మూడుసార్లు పేరుపెట్టి పిలుస్తుంటే, ఆమె తరఫున ఎవరూ లేవకపోతే బాగుండదనిపించింది. నవ్వుతారేమోనని చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వలేదు. సారు అతన్నే చూస్తూ, తనూ లేచి పక్కన నిలబడ్డాడు. పొడుగాటి మనిషి, ఫ్యాను రెక్కలు తగలకుండా తల వంచుకుని. అప్పుడు ఆశన్న కూడా లేచాడు. చచ్చింది తను గదా.

టేపులో కవరు చింపిన చప్పుడు వినబడింది. ఆ వెంటనే టక్కుమని క్యాసెట్ అయిపోయింది.

ఆత్రంగా రెండో వైపు తిప్పి పెట్టారు. అందులో చెల్లెలి గొంతు. తన మోకాలి నొప్పి గురించి, కోళ్ళ గురించి చాలాసేపు చెప్పింది. సారు అవన్నీ కూడా చెప్పాడు, వెంకట్రాములు అవన్నీ కూడా తెలుగు చేశాడు. కోళ్ళ తర్వాత అసలు సంగతి వచ్చింది. డాక్టరు కవరులోని పేరు లోపలే చదువుకుని, కూర్చుని, గ్లాసుడు మంచినీళ్ళు అడిగాడట. తాగి, లేచి, పైకి చదివాడట. ఇక మార్చడానికి వీల్లేదు మరి. అర్హులున్నారని అప్పటికే అందరి ముందూ చెప్పేశాడు.

"మౌలా సాహెబ్, నీ తీర్పేంది?" అన్నాడు ఆశన్న.

మౌలా సాహెబ్ మూత తీసి గిన్నె మీద అరచెయ్యి పెట్టి చూశాడు. "ఐసు గడ్డ," అన్నాడు. "తింటే తినండి, లేకుంటే లేదు."

శనివారం ఉదయం సారు ఒక కాగితం తెచ్చి వెంకట్రాములు బల్ల మీద పెట్టాడు. నాలుగు నెలల తర్వాత మొదటి వెల్ష్ కాగితం. పళ్ళ డాక్టరుకు రాసిన జాబు, ఆరే వరసలు. అందులో ఏముందో అడక్కుండానే చెప్పాడు.

"నా కింది దవడలో ఒక పన్ను పదకొండేళ్ళుగా నొప్పి పెడుతోంది. ఆగస్టు సెలవులో ఊరికి వస్తున్నాను. మీకు అభ్యంతరం లేకపోతే చూడగలరా అని అడిగాను."

వెంకట్రాములు మిషన్లో కాగితం ఎక్కించి టైపు చేశాడు. ఆఖరి వరస అయ్యాక అతని వేళ్ళు ఎడమ మూల దగ్గర ఆగాయి. తలెత్తి చూశాడు.

"ఇది ఉత్తరమే గదా సార్?"

"ఉత్తరమే," అన్నాడు ఇద్వల్ గేథిన్.

వెంకట్రాములు నాలుగు అక్షరాలూ కొట్టి, మధ్యలో గీత గీశాడు.